కారు తగ్గింది, దుమ్ము తగ్గలేదు

అలిపిరి దగ్గర కొత్త కారుకు పూజ చేయించేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని ఒక్క అడుగు ముందుకు పోనిచ్చి వాటిని తొక్కిస్తారు. ఈ దృశ్యాన్ని ఇరవై నాలుగో వంతు సైజు మోడల్ కారుతో బల్ల మీద నిలబెట్టాలంటే నిమ్మకాయ ఎంత ఉండాలి? మామూలు నిమ్మకాయ నాలుగు సెంటీమీటర్లు అనుకుని 24తో భాగిస్తే 1.7 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే ఆవగింజ. పోపుల డబ్బా తెరిస్తే పని అయిపోతుంది. పసుపు రంగు ఆవాలు దొరికితే రంగు వేసే శ్రమ కూడా ఉండదు.

బానెట్ మీది కుంకుమ బొట్టు దగ్గర మాత్రం ఈ సులువు కుదరదు. వేలితో పెట్టిన బొట్టు మోడల్ మీద ముప్పాతిక మిల్లీమీటరుకు మించకూడదు. ఇంట్లో ఉన్న కుంకుమే తెచ్చి అద్దితే అది బొట్టులా ఉండదు, బానెట్ మీద ఎవరో ఎర్ర కంకర పోసినట్టు ఉంటుంది. కారు ఇరవై నాలుగు రెట్లు తగ్గింది, కుంకుమ రేణువు తగ్గలేదు.

స్కేల్ మోడల్ కార్లు కట్టి రంగులేసే హాబీలో కష్టమంతా ఇదే. బయటినుంచి చూసేవాళ్ళకు ఇది ముక్కలు అతికించే పని. పెట్టె విప్పితే వంద పైచిలుకు ప్లాస్టిక్ ముక్కలు ఫ్రేములకు అంటుకుని ఉంటాయి. వాటిని కత్తిరించి, కాగితం మీద బొమ్మలు చూసుకుంటూ అతికిస్తారు. ఓపిక ఉన్న ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఆ పని చేయగలడు. కారు కారులా కనిపించడమా, బొమ్మలా మిగిలిపోవడమా అన్నది తేలేది ఆ తర్వాత, రంగు దగ్గర. రంగు పొర మందం, అందులోని మెరుపు రేణువు, గాలిలోని దుమ్ము, వాతావరణంలోని తేమ, వీటిలో ఏదీ స్కేలుకు తగ్గి రాదు. వాటిని తగ్గినట్టు భ్రమ పెట్టడమే ఇందులోని పనితనం.

ముందు స్కేలు లెక్క. 1:24 అంటే అసలు కారులోని అడుగు మోడల్‌లో అరంగుళం అవుతుంది. అడుగులు, అంగుళాల్లో కొలిచే దేశాలకు అది నోటి లెక్క. అమెరికా కిట్లు ఎక్కువగా 1:25లో ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి కార్ల డీలర్లు కొత్త మోడళ్ళకు ప్రచారంగా చిన్న ప్లాస్టిక్ కార్లు ఇచ్చేవారు. 1948లో మొదలైన ఏఎంటీ కంపెనీ అలాంటివి చేస్తూ చేస్తూ 1958లో వాటినే విడి ముక్కల కిట్లుగా అమ్మింది. ఒకే పెట్టెలోని ముక్కలతో కారును షోరూము నుంచి వచ్చినట్టుగానో, సొంత మార్పులతోనో, రేసు కారులాగానో, మూడు రకాల్లో ఏ రకంగానైనా కట్టుకోవచ్చు. 1:43 వచ్చింది బొమ్మ రైళ్ళ నుంచి. అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన చేసిన రైలు పక్కన నిలబెట్టడానికి సరిపోయే కారు అది. స్కేళ్ళ వెనక శాస్త్రం ఏదో ఉంటుందనుకోనక్కర లేదు. మోడల్ యుద్ధ ట్యాంకుల్లో ప్రపంచమంతా వాడే 1:35 స్కేలు, జపాన్ కంపెనీ తమియా తన ట్యాంకు లోపల రెండు బ్యాటరీలు పట్టాలని చూసుకోవడం వల్ల వచ్చింది.

మారుతి 800 పొడవు 3,335 మిల్లీమీటర్లు. 1:24లో అది 139, అంటే ఒక జానెడు కూడా లేదు. అంబాసిడర్ పద్దెనిమిది సెంటీమీటర్లు వస్తుంది. శ్రీసిటీలోని ఇసుజు ఫ్యాక్టరీలో తయారయ్యే వీ-క్రాస్ పికప్ అయితే 22 సెంటీమీటర్లు దాటి షెల్ఫులో అడ్డంగా పట్టదు.

తిరుపతికి ఈ లెక్క కొత్త కాదు. టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో పిల్లలు మొదట నేర్చుకునేది తాళమానం. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని విగ్రహం మొత్తాన్ని నవతాళమనో, దశతాళమనో కొలుస్తారు. విగ్రహం జానెడుదైనా నిలువెత్తుదైనా తాళాల లెక్క మారదు. ఉలి గాటు మాత్రం మారుతుంది. నిలువెత్తు విగ్రహం మీద కనిపించని గాటు జానెడు విగ్రహం మీద గాయంలా కనిపిస్తుంది. అందుకే చిన్న విగ్రహం చెక్కడమే కష్టమని శిల్పులు అంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు. కొలతలు తగ్గినంత సులువుగా పనిముట్టు జాడ తగ్గదు.

మోడల్ కారు మీద పనిముట్టు జాడ అంటే రంగు. అసలు కారు మీద అడుగున వేసే ప్రైమరు, దాని మీద కలరు, పైన పారదర్శకంగా మెరిసే క్లియరు అన్నీ కలిపి పదో వంతు మిల్లీమీటరు మందం ఉంటుంది, లేదా అంతకన్నా కాస్త ఎక్కువ. మోడల్ మీద కూడా జాగ్రత్త లేకపోతే అంతే మందం వచ్చేస్తుంది. ఆ పదో వంతు మిల్లీమీటరును 24తో హెచ్చవేస్తే 2.4 మిల్లీమీటర్లు. అంటే అసలు కారుకు రంగు బదులు రెండున్నర మిల్లీమీటర్ల ప్లాస్టరు పూసినట్టు. బజారులో దొరికే ఎనామెల్ డబ్బా తెచ్చి కుంచెతో పూస్తే దానికి రెట్టింపు. తలుపు గీతలు పూడిపోతాయి, హెడ్‌లైటు చుట్టూ అంచులు గుండ్రపడతాయి, బానెట్ మీది కంపెనీ గుర్తు చలిమిడి ముద్దలా అవుతుంది. చూసేవాళ్ళకు తప్పు ఎక్కడుందో తెలియదు, ఏదో బొమ్మలా ఉందని మాత్రం అనిపిస్తుంది.

తలుపుకూ బాడీకీ మధ్య సందునే చూద్దాం. అసలు కారులో అది నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 1:24లో నిజాయితీగా లెక్కవేస్తే 0.17 మిల్లీమీటర్లు. అంత సన్నని గాడిని అచ్చులో పోసినా మొదటి పూతకే మూసుకుపోతుంది. అందుకే కిట్ తయారుచేసేవాళ్ళే ఆ గీతను కావాలని వెడల్పుగా, లోతుగా పెడతారు. అంటే కొలతల్లో అబద్ధం పెట్టె విప్పకముందే మొదలైంది. కట్టేవాళ్ళు దాన్ని కొనసాగిస్తారు. రంగు వేయకముందే బ్లేడు వెనక అంచుతో గీతలన్నీ మరోసారి లోతు చేస్తారు, రంగు ఆరాక వాటిలోకి పలుచటి ముదురు బూడిద రంగు నీళ్ళలా పారిస్తారు. నలుపు పారిస్తే తలుపు చుట్టూ పెన్నుతో గీసినట్టు ఉంటుంది. బూడిద రంగు పారిస్తే అక్కడ నీడ ఉందని కన్ను ఒప్పుకుంటుంది.

మెటాలిక్ రంగుల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆ రంగులో మెరుపు తెచ్చేది సన్నని అల్యూమినియం రేకులు. ఇరవై మైక్రాన్ల రేకు అసలు కారు మీద కంటికి ఆనదు. అదే రంగును మోడల్ మీద కొడితే ఆ రేకు అరమిల్లీమీటరు తళుకు ముక్కకు సమానం. దాంతో వెండి రంగు కారు కాస్తా దసరా అలంకరణలా జిగేల్‌మంటుంది. కారు యాక్సెసరీల షాపులో మారుతి సిల్వర్ టచప్ స్ప్రే చవగ్గా దొరుకుతుంది కాబట్టి చాలామంది మొదట దానితోనే కొడతారు, మొదట నిరాశపడేదీ దానితోనే. తెలుపు, ఎరుపు, నలుపు లాంటి మామూలు రంగుల్లో ఈ బాధ లేదు. అంబాసిడర్ తెల్లగా ఉండటం ఈ విషయంలో అదృష్టమే.

రేణిగుంట రోడ్డు వైపు డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో రోజూ జరిగే పనికీ దీనికీ వరసలో తేడా లేదు. సొట్ట తీసి లప్పం పెడతారు, వాటర్ పేపరుతో తడిపి రుద్దుతారు, ప్రైమరు కొడతారు, మళ్ళీ రుద్దుతారు, కలరు, క్లియరు, చివర రబ్బింగ్, పాలిష్. మోడల్‌కూ ఇదే వరస. అచ్చులో రెండు పలకలు కలిసిన చోట బాడీ మీద వెంట్రుకంత గీత ఉంటుంది, లప్పం, వాటర్ పేపర్ పడేది ముందు దాని మీదే. పేపరు నంబర్లు కూడా షెడ్డు మేస్త్రీలకు తెలిసినవే. 400తో మొదలుపెట్టి 800, 1000 మీదుగా క్లియర్ కోటుకు 2000 దాకా పోతారు. షెడ్డులో స్ప్రే గన్ ముక్కు రంధ్రం 1.3 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే, మోడల్ పనికి వాడే ఎయిర్‌బ్రష్ రంధ్రం 0.3. ఒత్తిడి పదిహేను, ఇరవై పీఎస్ఐ చాలు. రంగును పాలంత పలుచగా కలుపుకోవాలి. పిల్లలకు పాలు కలిపే తల్లికి ఆ పలుచన చెప్పనక్కర లేదు.

షెడ్డు అలవాటు ఒక్కచోట మాత్రం పనికిరాదు. థిన్నరు. అక్కడ వాడే ఎన్‌సీ థిన్నరు ఇనుప రేకును ఏమీ చేయదు. మోడల్ బాడీ పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. దాని మీద ఆ థిన్నరు కలిపిన రంగు తడిగా పడితే ప్లాస్టిక్కే కరిగి, ఎండిన చెరువు అడుగులా సన్నని పగుళ్ళు తేలుతుంది. ఒకసారి తేలితే లప్పానికి కూడా లొంగదు. ఆటోమొబైల్ రంగే వాడాలనుకుంటే ముందు ప్రైమరును పొడిపొడిగా, పలుచగా రెండు మూడు విడతలు కొట్టి ప్లాస్టిక్‌కూ థిన్నరుకూ మధ్య గోడ కట్టాలి. అది నిలిచిందో లేదో బాడీ మీద కాకుండా ప్లాస్టిక్ స్పూను మీద చూసుకోవాలి. 2022 నిషేధానికి ముందు ఐస్‌క్రీముతో ఇచ్చిన గట్టి స్పూన్లు చాలావరకు పాలిస్టైరీన్‌వే. పైగా స్పూను వీపు బానెట్ లాగే ఒంపు తిరిగి ఉంటుంది కాబట్టి రంగు ఎలా మెరుస్తుందో కూడా తెలిసిపోతుంది. ఈ హాబీ ఉన్న ఇంట్లో పారేసిన స్పూను అంటూ ఉండదు.

ఇక వాతావరణం. కిట్టుతో వచ్చే సూచనల కాగితం జపాన్‌లోనో అమెరికాలోనో రాసింది. తిరుపతి మే నెల దానికి తెలియదు.

మే నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఎయిర్‌బ్రష్ నుంచి బయలుదేరిన రంగు తుంపర బాడీని చేరేలోపే సగం ఆరిపోతుంది. ఆరిన తుంపర పరుచుకోదు, పొడిలా కూర్చుంటుంది. నున్నగా రావలసిన తలుపు ఉప్పు కాగితంలా గరుగ్గా తయారవుతుంది. నీటి ఆధారిత ఎక్రిలిక్ రంగులైతే బ్రష్ ముక్కు దగ్గరే గడ్డకట్టి నిమిషానికోసారి తుడుచుకోమంటాయి. విరుగుడు ఉంది. తుంపర ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలపడం, బ్రష్‌ను ఇంకాస్త దగ్గరగా పట్టుకోవడం, తెల్లవారుజామున కొట్టడం. ఆరపెట్టడానికి మిద్దె మీద ఎండలో పెట్టడం మాత్రం చేయకూడదు. పాలిస్టైరీన్ వంద డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కదా, నలభైలో ఏమవుతుందిలే అనిపిస్తుంది. నల్ల రంగు బాడీ నేరుగా ఎండ పీల్చుకుంటే దాని వేడి గాలి వేడికి చాలా పైన ఉంటుంది. అద్దాల మధ్య పిల్లర్లు అగ్గిపుల్ల కన్నా సన్నం, అవి వంగడానికి వంద దాకా ఆగవు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇబ్బంది తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు చిత్తూరు, తిరుపతి జిల్లాలకు తెచ్చే వాన సంగతి 2021 నవంబరు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర లేదు. అలాంటి రోజుల్లో లక్కరు, అంటే థిన్నరు ఆవిరై త్వరగా ఆరే రంగు, కొడితే నల్ల కారు మీద పాలు చిలకరించినట్టు తెల్లటి మసక లేస్తుంది. రంగు పాడైందనో, షాపువాడు మోసం చేశాడనో అనుకుంటారు. జరిగేది అది కాదు. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఆ ఉపరితలం నుంచి వేడిని లాగేసుకుంటుంది. చేతి మీద పెట్రోలు చుక్క పడితే చల్లగా అనిపించేది అందుకే. అలా చల్లబడిన రంగు పొర మీద గాలిలోని తేమ కంటికి కనిపించని నీటి బొట్లుగా దిగి, రంగు లోపలే చిక్కుకుంటుంది. తెల్లగా కనిపించేది ఆ నీరు. థిన్నరు ఎంత త్వరగా ఆరితే అంత చల్లదనం, అంత మసక. కాబట్టి మండే ఎండకు వాడే రిటార్డరే జడివానకూ మందు. మసక అప్పుడే లేచినదైతే, పొడిగా ఉన్న రోజు చూసి కాస్త రిటార్డర్ థిన్నరు పలుచగా కొడితే పొర మళ్ళీ కరిగి నీరు బయటికి పోతుంది. ఎయిర్‌బ్రష్‌కు గాలి పంపే కంప్రెసర్ సంగతీ మరిచిపోకూడదు. తేమ గాలిని నొక్కితే అందులోని నీరు గొట్టంలోనే బొట్లు కడుతుంది. మధ్యలో నీటిని పట్టే సీసా లేకపోతే బానెట్ మధ్యలో ఒక చుక్క తుపుక్కున పడుతుంది.

సంక్రాంతికీ శ్రీకాళహస్తి శివరాత్రికీ మధ్య రోజులు రంగుకు బాగుంటాయి. వాన వెళ్ళిపోయింది, ఎండ ఇంకా ముదరలేదు. పొద్దున మంచు విడిచి, తొమ్మిది దాటాక మొదలుపెట్టవచ్చు. అయితే ఆ రోజుల్లో ఇంకో శత్రువు ఉంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్‌ను గుడ్డతో తుడిస్తే దానికి విద్యుదావేశం పట్టి, గదిలోని దుమ్మునంతా పిలిచి మరీ అంటించుకుంటుంది. పిల్లలు తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కుంటుందే, అదే. పదో వంతు మిల్లీమీటరు దుమ్ము కణం 1:24లో కొర్ర గింజంత. తల వెంట్రుక పడిందా, కారు మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల లావు తీగ పరిచినట్టే. తుడవడం మానేసి, సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరనివ్వడమే దీనికి దారి. అచ్చులోంచి ముక్క సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో రాసిన నూనె లాంటి పూత కూడా ఆ కడుగుతోనే పోతుంది, లేకపోతే రంగు పట్టదు.

దుమ్ము విషయంలో షెడ్డు మేస్త్రీలను మించిన గురువులు లేరు. కలరు కొట్టే ముందు వాళ్ళు నేలంతా నీళ్ళు చల్లుతారు. ముంగిట కళ్ళాపి చల్లినట్టే, లేచే దుమ్ము లేవకుండా. ఇంట్లో అయితే స్నానాలయ్యాక బాత్రూమ్ కన్నా దుమ్ము తక్కువున్న గది దొరకదు, తేమ ఆరేదాకా ఆగాలి అంతే. ఫ్యాను ఆపాలి, నూలు రాలే తుండుగుడ్డ దూరంగా ఉంచాలి. కొట్టడం అయిన మరుక్షణం బాడీ మీద ప్లాస్టిక్ డబ్బానో బేసినో బోర్లించాలి. కోడిపిల్లల్ని గంప కింద మూసినట్టు అది అక్కడే ఉండాలి. తీసి చూడాలన్న కోరికకు లొంగినవాళ్ళ కార్లన్నిటికీ పైకప్పు మీద ఒక వేలిముద్ర ఉంటుంది.

ఇన్ని జాగ్రత్తల మధ్య ఆరోగ్యం గురించిన ఒక్క మాటను ఇక్కడే గట్టిగా చెప్పాలి. కరోనా రోజుల్లో మిగిలిపోయిన ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, థిన్నరు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. గట్టిపడే ద్రవం విడిగా కలిపే టూకే క్లియరులో ఐసోసయనేట్లు ఉంటాయి. అద్దంలా మెరుస్తుంది నిజమే, ఆస్తమా కూడా తెచ్చిపెట్టగలదు. ఇంట్లో చంటిపిల్లలుంటే దాని జోలికి పోకపోవడం మంచిది.

జిగురు గురించి చెప్పాల్సింది తక్కువ. పాలిస్టైరీన్‌కు వాడే సిమెంటు నిజానికి అతికించదు, రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. ఫెవిక్విక్ త్వరగా పడుతుంది, కానీ దాని ఆవిరి అద్దాల మీద తెల్లటి బూజు పట్టిస్తుంది. కారు అద్దాలకు పారదర్శకంగా ఆరే తెల్ల జిగురు, అంటే పిల్లల స్కూలు సంచిలోని ఫెవికాల్ చాలు. ఇంజిన్‌లో ప్లగ్ వైర్లకు కరెంటు తీగ లోపలి రాగి పోగు సరిపోతుంది. 0.3 మిల్లీమీటర్ల పోగు అసలు కారులో ఏడు మిల్లీమీటర్ల వైరు అవుతుంది, లెక్కకు లెక్క.

కొత్తగా మెరిసే కారు ఒక ఎత్తు, ఈ ఊరి రోడ్డు మీద తిరిగిన కారు ఇంకో ఎత్తు. మురికి పూయడంలో చాలామంది చేసే తప్పు, అన్నిచోట్లా సమంగా పూయడం. మురికికి కారణం ఉంటుంది, అది కారణం ఉన్నచోటే పడుతుంది. తిరుమల కనుమ దారులు రెండు. 1944లో తెరిచిన పాతది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చినది ఎక్కడానికి. దిగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, ముందు బ్రేకుల మీదే భారం ఎక్కువ. కాబట్టి కొండ దిగిన కారు ముందు రిమ్ముల మీద బ్రేకు పొడి గోధుమ నలుపుగా దట్టంగా ఉండాలి, వెనక రిమ్ముల మీద తక్కువగా ఉండాలి. పల్లెల్లో తిరిగే కారుకు ఎర్రమట్టి చక్రాల వెనక అంచుల మీద, తలుపుల కింది భాగంలో ఉంటుంది, బానెట్ మీద కాదు. వైపర్లు తిరిగిన మేర అద్దం శుభ్రంగా, ఆ విసనకర్ర బయట మసగ్గా ఉండాలి. ఈ మురికికి కూడా నేల మీది మట్టి పనికిరాదు, కుంకుమ లాగే అదీ తగ్గలేదు. రంగు సుద్దను బ్లేడుతో గీరిన మెత్తటి పొడి దానికి దగ్గరగా వస్తుంది.

నంబరు ప్లేటు చిన్నదే కానీ మొత్తం కారుకు తేదీ వేస్తుంది. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేటు 500 మిల్లీమీటర్ల పొడవు, 120 వెడల్పు. మోడల్‌లో రెండు సెంటీమీటర్లు, అయిదు మిల్లీమీటర్లు. ఏపీ 03 అంటే చిత్తూరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి, 03 ఉన్న కారు అంతకు ముందుదని లెక్క. తొంభైల నాటి సొంత అంబాసిడర్ కడుతూ దానికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు పెడితే తప్పు. అప్పట్లో సొంత కార్లకు నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు, తెల్ల ప్లేటు అద్దె బండ్లకు ఉండేది. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరు తెల్ల రంగు అచ్చు వేయలేదు, అందుకని తెల్లటి డెకాల్ కాగితం (నీళ్ళలో తడిపి అతికించే స్టిక్కరు) మీద చుట్టూ నలుపు అచ్చు వేయించి, అక్షరాల చోట ఖాళీ వదలాలి.

అంబాసిడర్ మాట వచ్చింది కాబట్టి: 1950ల చివర నుంచి 2014 దాకా కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన కారు, రాయలసీమలో ఎమ్మెల్యే అనగానే కళ్ళముందుకొచ్చే కారు. ఫెరారీకీ ముస్తాంగ్‌కీ పదేసి రకాల కిట్లు దొరుకుతాయి, దీనికి ఆ వైభోగం లేదు. సెంటీ కంపెనీ చేసే వెనక్కి లాగి వదిలే ప్లాస్టిక్ బొమ్మను తీసుకుని, విప్పి, రంగు తీసి, మళ్ళీ వేసేవాళ్ళు ఉన్నారు. ప్లాస్టిక్ షీటు కోసి మొదటినుంచి కట్టేవాళ్ళు, త్రీడీ ప్రింటు తీయించేవాళ్ళు ఉన్నారు. త్రీడీ ప్రింటుకు మెట్లు మెట్లుగా గీతలు వస్తాయి, మళ్ళీ లప్పం, మళ్ళీ వాటర్ పేపర్.

ఖర్చు దగ్గర ఈ హాబీ మధ్యతరగతికి నిజంగానే అడ్డం తిరుగుతుంది. కస్టమ్స్ పట్టికలో పిల్లల ఆటబొమ్మలూ తగ్గించిన సైజు మోడళ్ళూ ఒకే పద్దు కింద, 9503లో ఉన్నాయి. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు కూడా తప్పనిసరైంది. చవక బొమ్మల దిగుమతిని ఆపడానికి వేసిన గాలంలో జపాన్ కిట్టు కూడా పడింది. స్ప్రే డబ్బాల కథ వేరు. అవి మండే గ్యాసు కాబట్టి విమానంలో పంపరు, జపాన్ నుంచి కిట్టు రావచ్చు కానీ దాని రంగు రాదు. చెన్నై దగ్గరే, బెంగళూరుకూ బస్సులున్నాయి, అయినా కావలసిన రంగు కోసం ప్రయాణం పెట్టుకోవడం అందరికీ కుదిరేది కాదు.

అందుకే ఇక్కడ చాలామంది హాట్ వీల్స్‌తో మొదలుపెడతారు. 1968లో మాటెల్ మొదలుపెట్టిన ఈ కార్లు రెండు వందల రూపాయల దగ్గర దొరుకుతాయి. అడుగున ఉన్న రివెట్లను డ్రిల్లుతో తొలిచి, విప్పి, పాత రంగును పెయింట్ రిమూవర్‌తో తీసేసి కొత్త రంగు వేస్తారు. బాడీ జింకు మిశ్రమం కాబట్టి థిన్నరు భయం లేదు, షెడ్డు రంగులన్నీ పనికొస్తాయి. కానీ 1:64 అని పెట్టె మీద రాసిన మాటను పట్టించుకోకూడదు. లారీ అయినా చిన్న కారు అయినా ఒకే ప్యాకెట్టులో పట్టేలా కుదించేస్తారు. పైగా అక్కడ పదో వంతు మిల్లీమీటరు రంగు ఆరు మిల్లీమీటర్ల మందం అవుతుంది. చవకగా మొదలవుతుంది కానీ పని సులువేమీ కాదు.

తమియా కంపెనీ ఉన్న షిజువోకా కథ తిరుపతి చెవికి కొత్తగా వినిపించదు. అక్కడి సెంగెన్ ఆలయ నిర్మాణానికి వచ్చిన వడ్రంగులు ఊళ్ళోనే స్థిరపడటంతో కొయ్యపని వేళ్ళూనిందని చెబుతారు. తమియా కూడా 1946లో కలప వ్యాపారంగానే మొదలైంది, తర్వాత కొయ్య మోడళ్ళకు మళ్ళి, 1960లో మొదటి ప్లాస్టిక్ కిట్టుగా యమాటో యుద్ధనౌకను చేసింది. ఇక్కడా గుడి ఉంది, ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాలు ఉన్నాయి, కొండకు వచ్చినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళే మరపాచి కొయ్యబొమ్మలు ఉన్నాయి. కొయ్య నుంచి ప్లాస్టిక్ అచ్చుకు మాత్రం దారి పడలేదు. ఒక కారు బాడీకి ఉక్కు అచ్చు తీయడానికి పెట్టే డబ్బు వేల పెట్టెలు అమ్మితే గానీ తిరిగి రాదు, మన దగ్గర అన్ని పెట్టెలు కొనే జనం ఇంకా లేరు. అమర రాజా బ్యాటరీలు కరకంబాడిలో, ఇసుజు బండ్లు శ్రీసిటీలో తయారయ్యే జిల్లాలో పనిమంతుల కొరత అని ఎవరూ అనలేరు.

కొన్నదైనా, విప్పి రంగు మార్చినదైనా, చివరికి అందరి ఓపికనూ చూసేది ఆరడమే. ఎనామెల్ పైకి గంటల్లో ఆరినట్టు కనిపించి లోపల రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. లక్కరు కూడా వేలికి అంటకపోవడం వేరు, పాలిష్‌కు గట్టిపడటం వేరు. తొందరపడి రబ్బింగ్ మొదలుపెడితే అంచుల దగ్గర రంగు ఊడి కింది ప్రైమరు తెల్లగా బయటపడుతుంది. దీనికి మీటరు ఏదీ అక్కర లేదు. బోర్లించిన డబ్బా ఒక పక్క ఎత్తి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. థిన్నరు వాసన కొంచెమైనా తగిలితే లోపలినుంచి ఇంకా ఆవిరి వస్తోందని అర్థం. డబ్బా మళ్ళీ మూసేసి, ఇంకో రెండు రోజులు అటువైపు పోకుండా ఉండాలి.